సాక్షి లేని మడి

పదకొండో భాగం

పోయిన వారం నన్ను మూడు అబద్ధాల దగ్గర వదిలేశాను. మొదటిసారి చదువుతున్నవాళ్ల కోసం అవేమిటో మళ్లీ చెప్పక తప్పదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మా లుంబన్ తోరాస్ ఊళ్లో, మా ఇంటిపేరు వాళ్లంతా కలిసి తాతముత్తాతల ఎముకలకు ఒక పెద్ద సమాధి కట్టాలనుకున్నారు. రోడ్డు పక్కన, సరస్సుకు ఎదురుగా ఉన్న ఊటమడి అందుకు తగిన చోటన్నారు. ఆ పని చూసే సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. ముప్పై నాలుగేళ్లు పసిపిల్లల చేత అక్షరాలు దిద్దించిన మంగాంతార్ మాస్టారిని, అంటే నన్ను, అంతకుముందు ఏ విందులోనూ ఎవరూ ముందు చాప మీద కూర్చోబెట్టలేదు. సమాధి రాతి మీద మొదటి పేరు నాదే చెక్కిస్తామన్నారు.

ఆ మడి మా అక్క సౌలినాది. పెళ్లయిన వారానికి మా నాన్న ఆమెకిచ్చాడు.

మొదటి సమావేశంలో నన్నడిగారు, "ఊటమడి మీ నాన్నదేగా మాస్టారూ?" అని. నాన్నదే అన్నాను. అది నిజం లాంటిదే. "మరి మీ అక్క సాగు చేస్తోందిగా?" అన్నారు. బతికినన్నాళ్లు చేసుకొమ్మని వదిలాడన్నాను. అది వంకర మాట. "ఇచ్చేటప్పుడు మీరక్కడ ఉన్నారా?" అన్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు, జ్వరంతో ఇంట్లో పడుకున్నానన్నాను. అది పచ్చి అబద్ధం. ఒకదాని వెనక ఒకటి, మెట్లు దిగినంత సులువుగా దిగిపోయాను.

సంగతి తెలిసి అక్క కబురు పంపింది. ఊరి పెద్దల ముందు మాట్లాడతానంది. శనివారం పొద్దున పంచాయితీ పెట్టారు.

* * *

ఆ పొద్దున కొండ మీది మంచు ఇంకా ఇళ్ల కప్పులు దిగలేదు. అక్క తలమీద బుట్టతో వాకిట్లోకి వచ్చింది. వెనక బొనార్ బావ, చేతిలో కల్లు నింపిన వెదురు గొట్టంతో. గట్టు దాటి గంటన్నర నడక వాళ్ల ఊరు. డెబ్భై ఏళ్ల మనిషి ఆ బుట్ట ఎక్కడా దించినట్టు లేదు. పుట్టింటివాళ్లను ఏదైనా అడగడానికొచ్చే ఆడపిల్ల వట్టి చేతులతో రాకూడదు. పంది కోసి, రక్తంతో వండి, పుట్టింటివాళ్ల ముందు పెట్టి అప్పుడు నోరు విప్పాలి. పుట్టింటివాళ్లు పసుపు పట్టించి వండిన చేప ఆమె చేతిలో పెట్టి పంపాలి. ఆ చేపతోపాటు దీవెన వెళుతుందని మా నమ్మకం. కన్నవాళ్లు, తోడబుట్టినవాడు, వీళ్లే ఆడపిల్లకు కళ్లకు కనిపించే దేవుళ్లంటారు మాలో. ఆ లెక్కన ఆ పొద్దున ఆమె దేవుణ్ణి నేనే.

"ఏమే మరదలా, ఇంకా పొగలోనే ఉన్నావా?" అంది అక్క మెట్లెక్కుతూ, మా ఆవిడతో. "నీ మొగుడు అధ్యక్షుడయ్యాడుగా. చచ్చినవాళ్లకు మేడ కడుతున్నాడు. బతికున్నదానికి పొగగొట్టమైనా పెట్టించడా?"

"చచ్చినవాళ్లయితే ఎదురు చెప్పరుగా వదినా. అందుకని వాళ్లంటే ఇష్టం," అంది మా ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

ఇద్దరూ నవ్వుకున్నారు. మా ఆవిడకు అప్పటికి నా జ్వరం కథ తెలియదు. మడి గురించి ఏదో లెక్క తేలాలనుకుంటోంది, అంతే.

అక్క నా దగ్గరికొచ్చి నన్ను కిందనుంచి పైకి చూసింది. "కొత్త చొక్కానా? నీలం నీకు నప్పదని చిన్నప్పటి నుంచీ చెబుతున్నాను, వింటావా," అంది. అని, కాలరు ఒక పక్క లోపలికి మడత పడి ఉంటే రెండు చేతులా సరిచేసింది. ఆ గోళ్లలో మడి బురద నల్లగా ఉంది. ఎంత కడిగినా పోని బురద అది. నేను కదలకుండా నిలబడ్డాను. నాకు ఊహ తెలియనప్పుడు నన్ను నేతబట్టలో వీపున కట్టుకుని నాట్లు వేసిన మనిషి. అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు. నేను నడక నేర్చింది ఈమె చీలమండలు పట్టుకుని.

బావ కల్లు వెదురు గోడకు ఆనించి, టోపీ తీసి, "బాగున్నారా," అన్నాడు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. అయినా నన్ను మీరనే అంటాడు, ఆడపిల్లనిచ్చిన ఇంటివాణ్ణి కాబట్టి. నలభై తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నోరు జారలేదు.

"బాగున్నాను బావా," అన్నాను.

* * *

రెండు వరసల ఇళ్ల మధ్య వాకిట్లో చాపలు పరిచారు. జొంగ్గి తాత మధ్యలో కూర్చున్నాడు. వయసుకు నాకన్నా ఇరవయ్యేళ్లే పెద్ద, వరసకు తాత. ఊరిపెద్దగా చివరి మాట ఆయనది. పక్కన జావులుంగ్. పట్నంలో లారీలున్న మనిషి, సమాధికి సిమెంటు తనదే అన్నవాడు. బూట్లు విప్పి చాప అంచున జాగ్రత్తగా పెట్టుకున్నాడు, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు. నన్ను వాళ్లిద్దరి మధ్య కూర్చోబెట్టారు. అక్క, బావ ఎదురుగా, చాప చివర.

తమలపాకులు అందరికీ తిరిగాయి. జొంగ్గి తాత నమిలి, ఊసి, "చెప్పు సౌలినా," అన్నాడు.

అక్క సాగదీయలేదు. "నా పెళ్లయిన ఏడో రోజున నాన్న పడవలో మా అత్తవారింటికొచ్చాడు తాతా. మేం పందిని కోశాం. పేరు పేరునా వాటాలు పెట్టాం. భోజనాలయ్యాక నాన్న లేచి, ఊటమడి పేరు చెప్పి, నాలుగు గట్లూ చెప్పి, నా బిడ్డకు, నా బిడ్డ బిడ్డలకు అన్నాడు. ఆ యేడు నుంచి నాటుతున్నాను. ఒక్క పంట తప్పలేదు. అంతే."

"కాగితముందా?" అన్నాడు జావులుంగ్.

"మీ అవ్వ పెళ్లికి కాగితముందా నాయనా?" అంది అక్క. "లేదుగా. అయినా నిన్ను మా వాడివనే అనుకుంటున్నాం."

చాపల మీద నవ్వులు పాకాయి. జావులుంగ్ కూడా నవ్వాల్సి వచ్చింది. నాకు మాత్రం ఆ నవ్వులో ఆశ కనిపించింది. ఆమె గెలుస్తుందనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన ఆమె గెలిస్తే బాగుండుననిపించింది. నేను ఒక్క మాటా చెప్పనక్కర్లేకుండా, నా అబద్ధం బయటపడకుండా, ఎలాగో ఆమె గెలవాలి. పిరికివాడి ఆశలు అలాగే ఉంటాయి.

జొంగ్గి తాత నవ్వలేదు. "కాగితం మనకక్కర్లేదు. సాక్ష్యానికి ఆనాడు వాటా తిన్న నోరు ఒక్కటి చాలు. మడి తీసుకున్నవాళ్ల మాట లెక్కకు రాదు, నీదీ నీ పెనిమిటిదీ పక్కన పెడదాం. ఇచ్చినవాళ్ల వైపు నుంచి ఆ రోజు ఎవరెవరికి వాటా పడింది?"

అక్క కుడిచెయ్యి ఎత్తింది. "మా నాన్నకి. పోయాడు." చిటికెన వేలు ముడిచింది. "మా చిన్నాన్నకి. పోయాడు." ఇంకో వేలు ముడిచింది. "నీకన్నా ముందు ఊరిపెద్దగా చేసిన మీ అన్నకి. ఆయనా పోయాడు." మూడో వేలు ముడుచుకుంది.

చూపుడువేలు నిలబడి ఉంది.

"ఇంకా?" అన్నాడు జొంగ్గి తాత.

ఆ రోజు నాకు ఇప్పటికీ బాగా గుర్తు. పడవలో నాన్న కాళ్ల మధ్య కూర్చుని వెళ్లాను. వాటాలు పెడుతూ పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచారు. అంతా అయిపోయిందనుకున్నాక, "మంగాంతార్, ఈ ఇంటి కొడుకు, ఇదిగో నీ వాటా," అని నా పేరు కూడా పిలిచారు. అంతమందిలో నా పేరు పిలవడం అదే మొదలు. కాలేయం ముక్క, అరటాకులో. దాన్ని రెండు చేతులా పట్టుకుని సరస్సు గట్టుకు పరుగెత్తుకెళ్లి, ఎవరికీ పెట్టకుండా తిన్నాను. తర్వాత నా మూతి కడిగి, నాన్న మడి గట్లు చెబుతుంటే పక్కన నిలబెట్టుకుంది అక్కే.

అక్క ఇప్పుడు నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేవాణ్ణి. బళ్లో పాఠం అప్పజెప్పలేక నిలబడిన పిల్లాడికి నేను కాసేపు టైమిచ్చేవాణ్ణి, అలా చూసింది. వాకిలంతా ఎదురుచూస్తోంది. "నేనున్నాను" అనే రెండు ముక్కలు. అంతకన్నా చిన్న వాక్యం ఒకటో తరగతి వాచకంలో కూడా ఉండదు. నేను చాప అల్లిక వైపు చూశాను.

అక్క నాలుగో వేలు ముడిచింది.

"ఇంకెవరూ లేరు తాతా," అంది.

బావ తల ఎత్తాడు. "ఏమే, నువ్వు..." అన్నాడు.

"నువ్వూరుకో," అంది అక్క, అతని వైపు తిరగకుండానే. బావ టోపీని మోకాలి మీద పెట్టి, దాని అంచు చేత్తో రాస్తూ ఉండిపోయాడు.

జొంగ్గి తాత చాలాసేపు ఆమె మూసిన పిడికిలి వైపే చూశాడు. "సాక్షి లేదు కాబట్టి మడి తండ్రిదే. తండ్రి తర్వాత కొడుకుది. వేసిన పైరు మాత్రం సౌలినా కోసుకోవచ్చు. కోత ఎప్పటికొస్తుంది?"

"మూడు వారాలు," అంది అక్క.

"మూడు వారాలాగితే వానలు పడతాయి," అన్నాడు జావులుంగ్. "ఎముకలు తీసే పని ఈ గురువారమే మొదలెడదాం. వాళ్ల నాన్నవే ముందు తీద్దాం. కోతయ్యేదాకా చర్చిలో ఉంచొచ్చు." నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమంటారు అధ్యక్షా?" అన్నాడు.

తల ఊపాను. అది కూడా చేశాను.

* * *

తీర్పు ఎలా ఉన్నా భోజనం అందరూ కలిసే చెయ్యాలి. అక్క తెచ్చిన పంది మాంసాన్ని వాటాలు వేసి పేర్లు పిలిచారు. నా పేరు ముందు పిలిచారు. ఆకు తెచ్చి నా ముందు పెట్టింది అక్కే. పుట్టింటి పందిట్లో వడ్డన ఆడపిల్లల పని, వయసుతో సంబంధం లేదు. మోకాళ్లు నొప్పులేమో, వంగేటప్పుడు చెయ్యి చాప మీద ఆనించి వంగింది.

"ఉప్పు సరిపోయిందో లేదో చూడు," అంది.

పెట్టుకున్న ముక్క నోట్లో అటూ ఇటూ తిరిగిందే గాని గొంతు దిగలేదు. పక్కన జావులుంగ్ వేళ్లు నాకుతూ, మీ అక్క చేతి వంట భలే ఉందన్నాడు. అవునన్నాను. దగ్గు వచ్చినట్టు నటించి ముక్కను ఆకు మడతలోకి ఊసి, మడత మీద మడత పెట్టాను. ఎనభై దగ్గరపడ్డ జొంగ్గి తాత కళ్లు ఇంకా మసకబారలేదు. ఆయన అది చూశాడు. చూసి తన ఆకులోకి తలదించుకున్నాడు.

పెరట్లో వెదురు గొట్టం నుంచి నీళ్లు పడేచోట అక్క ఒక్కతే కూర్చుని గిన్నెలు తోముతోంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. బూడిద తీసి రుద్దుతూనే ఉంది.

"ఎందుకక్కా?" అన్నాను.

"ఏది ఎందుకు?"

"నాలుగో వేలు."

"నీకు జ్వరమట కదా. ఒళ్లు కాలిపోతూ ఇంట్లో పడుకున్నావట. మంచంలో ఉన్నవాణ్ణి సాక్షి అని ఎలా చెప్పమంటావు?"

"అక్కా."

"ఎంత జ్వరం? మందేమైనా ఇచ్చారా, అమ్మ నుదుటి మీద తడిగుడ్డేసిందా? చెప్పు, నాకూ తెలియాలిగా. మా తమ్ముడు నా పెళ్లయిన వారానికి జ్వరపడితే నాకు తెలియకపోవడమేమిటి?"

ఆమె గొంతు పెరగలేదు. గిన్నె అడుగున అంటిన మసిని గోటితో గీకుతూ అడిగింది. నాకు కళ్లు మండాయి.

"ఏడవకు," అంది. "ఏడ్చే హక్కు పొద్దున చాప మీదుండేది. అక్కడ వాడుకోలేదు నువ్వు."

"గురువారం అందరి ముందూ చెప్పేస్తాను. నాన్న సమాధి దగ్గరే చెబుతాను. నీ మడి నీకొస్తుంది."

అప్పుడు చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "వస్తుంది. మడి వస్తుంది. నువ్వు పోతావు. పదిమందిలో వట్టి అబద్ధాలకోరని తేలినవాడు ఇంకెవరికి దీవెన పెడతాడు? నా పిల్లలకు మేనమామవు ఒక్కడివే. నా మనవడికి పేరు పెట్టే రోజున దీవెన బట్ట కప్పాల్సింది నువ్వే. రేపు నేను పోతే నా మీద చివరి బట్ట కప్పాల్సింది నువ్వే. ఆ బట్ట కప్పింది ఎలాంటివాడో చూడండని నా కోడళ్లు ఒకళ్ల చెవి ఒకళ్లు కొరుక్కుంటుంటే, చచ్చినా నాకు వినిపిస్తుంది. బియ్యం ఎక్కడైనా దొరుకుతాయి. ఇంకో మేనమామను ఎక్కణ్ణుంచి తెచ్చేది నేను?"

"నేను చేసింది..."

"చేసింది చేశావు. ఇక చెప్పి దాన్ని కడుక్కుందామనుకుంటున్నావు. నీకు హాయిగా ఉంటుంది. మాకు?" లేచి నిలబడింది, నడుం మీద చెయ్యి వేసుకుని. "గురువారం నువ్వు నోరు విప్పితే, అది అబద్ధమని నేనే అంటాను. నా చేత అబద్ధమాడించినవాడివి, ఇంకోసారి ఆడించకు. ఇంకొకటి కూడా విను. నిన్ను క్షమించాననుకుంటున్నావేమో. క్షమించలేదు."

గిన్నెలు బోర్లించి, తడి చేతులు పక్కలకు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మా ఆవిడ నా ముందు ఒక పొట్లం తెచ్చి పెట్టింది. అరటాకులో చుట్టి నారతో కట్టిన పొట్లం. మా ఆవిడే అక్క చేతిలో పెట్టి పంపిన చేప.

"మెట్ల కింద ఉంది," అంది. "మరిచిపోయిందేమోనని వెనకాల పరుగెత్తాను. మలుపు దగ్గర కేకేశాను. విని కూడా ఆగలేదు. నేనీ ఇంటికొచ్చి ముప్పై రెండేళ్లు. మీ అక్క మనింటి చేప వదిలేసి పోయిన రోజు లేదు. ఏం చేశారు మీరు?"

ఆమె పొట్లం విప్పి, చేపను పందులకు వేసింది. ఆ పొద్దున అంతా పొగలో కూర్చుని వండింది ఆమే. అప్పటి నుంచి బుధవారం దాకా నాకు అన్నం పెట్టిందే గాని నా ఎదురుగా కూర్చుని తినలేదు.

నేను ఆ నాలుగు రోజులూ రోడ్డు వైపు వెళ్లకుండా తిరిగాను. ఒక్కసారి మాత్రం వెళ్లక తప్పలేదు. ఊటమడి గట్టు మీద అక్క గొంతుక్కూర్చుని కలుపు తీస్తోంది. మూడు వారాల్లో కోసి వదిలెయ్యాల్సిన మడిలో ఇంకా కలుపు తీస్తోంది. దారినపోయే ఎవరో, "ఎందుకమ్మా ఈ శ్రమ, ఎలాగూ పోయేదేగా," అన్నారు. "పైరుకేం తెలుసు నాయనా ఎవరిదో," అంది. నేను పొద చాటున నిలబడిపోయాను, ఆ మనిషి వెళ్లిపోయేదాకా.

* * *

గురువారం పొద్దున నాన్న సమాధి దగ్గర ఊరంతా చేరింది. ఏటవాలు మీద, పైనాపిల్ తోట పక్కన మట్టి దిబ్బ. తలవైపు రాయి మీద పేరు అరిగిపోయింది. చర్చి పెద్ద ప్రార్థన చేశాడు. డోలు వాయించేవాళ్లు మెల్లగా మొదలుపెట్టారు.

మొదటి గునపం వెయ్యాల్సింది కొడుకు. బయటికి తీసిన పుర్రెను పరిచిన నేతబట్టలోకి తీసుకుని, పసుపు కలిపిన నిమ్మనీళ్లతో కడిగి, బుట్టలో తలమీద పెట్టుకుని మోయాల్సింది కూతురు. అక్క వచ్చింది. రాదేమోనని జావులుంగ్ రెండుసార్లు కబురు పంపాడు. అక్కర్లేకపోయింది. జుట్టు బిగించి ముడేసుకుని, నాన్న బతికుండగా కప్పుకున్న ఊలోస్ అనే మా నేతబట్టనే భుజాన వేసుకుని, నిమ్మనీళ్ల గిన్నె చేత్తో పట్టుకుని, దిబ్బకు దిగువన నిలబడింది. తన దగ్గర్నుంచి లాక్కున్న మడిలో పెట్టడానికి తండ్రి తలను తానే మోసుకెళ్లాలి. ఆమె ముఖంలో నాకేమీ కనిపించలేదు. బావ ఆమె వెనక, టోపీ పెట్టుకుని ఉన్నాడు.

జొంగ్గి తాత గునపం నా చేతికిచ్చాడు. "కొట్టేముందు మీ నాన్నకు చెప్పు. ఎందుకు లేపుతున్నావో, ఎక్కడికి తీసుకెళుతున్నావో చెప్పు."

చెప్పాల్సిన మాటలు జావులుంగ్ నాకు ముందే కాగితం మీద రాసిచ్చాడు. నాన్నా, నిన్ను నీ సొంత మడికి తీసుకెళుతున్నాం, అని మొదలవుతుంది. కాగితం జేబులో ఉంది, తీయలేదు. గునపం మొన మట్టికి ఆనించి నిలబడ్డాను. డోళ్లు ఆగాయి.

"నాన్నా," అన్నాను. అక్క నావైపు తల అడ్డంగా ఊపింది, ఎవరికీ కనిపించనంత చిన్నగా.

"నాన్నా, ఆ రోజు నాకు జ్వరం లేదు."

"ఏ రోజు?" అన్నాడు జొంగ్గి తాత.

"అక్కకు మడి ఇచ్చిన రోజు తాతా. నేను నాన్నతో పడవలో వెళ్లాను. నా పేరు పిలిచి వాటా పెట్టారు, కాలేయం ముక్క. తిన్నాను. మీరు శనివారం అడిగిన సాక్షిని నేనే. నోరు మూసుకుని కూర్చున్నాను. రాతి మీద నా పేరు కోసం." వెనక ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఆ గుంపులో సగంమంది ఉన్నారు. ఒక్కొక్కరే చూపు తిప్పుకున్నారు.

"తాతా," అంది అక్క.

గట్టిగా, స్పష్టంగా అంది. "మా తమ్ముడికి నాలుగు రోజులుగా నిద్ర లేదు. నామీద జాలికొద్దీ అంటున్నాడు. వాడా రోజు రాలేదు. ఇంట్లో జ్వరంతో ఉన్నాడు. మందిచ్చారు, అమ్మ తడిగుడ్డ కూడా వేసింది."

"విన్నారుగా," అన్నాడు జావులుంగ్. "ఆవిడే చెబుతోంది. పొద్దెక్కుతోంది, కానివ్వండి."

జొంగ్గి తాత నా చేతిలోంచి గునపం తీసుకున్నాడు. దాన్ని సమాధి మీద అడ్డంగా పడుకోబెట్టాడు. ముసలి నడుం నిటారుగా పెట్టి, "కన్నతండ్రి మీద నిలబడి ఇద్దరు బిడ్డల్లో ఒకరు అబద్ధమాడుతున్నారు," అన్నాడు. "ఎవరో తేలేదాకా ఈ మన్ను ఎవరూ తాకడానికి లేదు. నీ సిమెంటు గడ్డకట్టినా సరే జావులుంగ్."

తర్వాత బావ వైపు తిరిగాడు.

"బొనార్, ఇలా రా. శనివారం నీ మాట వద్దన్నాం, మడి తీసుకున్నవాడివి కాబట్టి. ఇవాళ నేనడిగేది మడి సంగతి కాదు. అప్పుడు తొమ్మిదేళ్ల ఈ మాస్టారు ఆ రోజు మీ ఇంటికి వచ్చాడా, రాలేదా? అదొక్కటే చెప్పు."

బావ టోపీ తీశాడు. అక్క అతని వైపు తిరిగింది. నా అక్క ముఖంలో భయం చూడటం నాకదే మొదటిసారి. చిన్నప్పుడు నేను మునిగిపోతుంటే సరస్సులోకి దూకినప్పుడు కూడా ఆమె భయపడలేదు.

"వచ్చారు తాతా," అన్నాడు బావ. "కాలేయం నేనే కోసిచ్చాను. అది పట్టుకుని గట్టుకు పరుగెత్తారు, మడి మాటకు తిరిగొచ్చి మళ్లీ ఆడుకోవడానికి పోయారు. అందుకని మామగారు తర్వాత చెప్పింది వినలేదు."

"తర్వాతా? మడి ఇచ్చాక ఇంకేం చెప్పాడు?"

"మడి మాట చిన్నది తాతా. అసలు మాట వేరే ఉంది. ఎవరికీ చెప్పొద్దని ఈవిడ నా చేత ఒట్టు వేయించుకుంది." అని, బావ మొట్టమొదటిసారి నా కళ్లలోకి తిన్నగా చూశాడు. "నిన్ను గురించి," అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను నువ్వు అనడం అదే మొదలు.

అక్క నిమ్మనీళ్ల గిన్నె నేలమీద పెట్టి, మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"చెప్పకు," అంది భర్తతో. "మడి వాళ్లను తీసుకోనీ. పైరు కూడా తీసుకోనీ. వాడి ముందు మాత్రం అది చెప్పకు."